ఉప్పుకు పోయే దారేది?

(వేసవికి ముందు తిరుపతిలో అడవి మంటల గురించి జరిగిన ఒక సభలో విశ్రాంత భూసార పరీక్షాధికారి ఒకరు చేసిన ప్రసంగానికి రాతరూపం. శ్రోతల్లో కళాశాల విద్యార్థులు, కొండ కింది ఊళ్ల రైతులు, కొందరు అటవీ సిబ్బంది ఉన్నారు.)

అందరికీ నమస్కారం. ఆ మైకు కొంచెం ఇటు జరుపు నాయనా, వెనకాల కూర్చున్నోళ్లకు వినపడాల గదా. ఫ్యాను మాత్రం ఆపొద్దు. నా మాట వినపడకపోయినా పర్లేదు, గాలి ఆడాల. (నవ్వులు)

మొదలుపెట్టే ముందు ఒక పని ఉంది. ఈ బల్ల మీద మూడు గాజు సీసాలు చూడండి. మూడింట్లోనూ ఒకే మట్టి. పుత్తూరు దగ్గర మా చేలోని ఎర్రమట్టి, ఒక్కో సీసాలో ఒక పిడికెడు. మొదటిదాంట్లో వాన నీళ్లు పోసినాను, డిసెంబరు తుపానుకు మిద్దె మీద పట్టిపెట్టినవి. రెండోదాంట్లో సముద్రపు నీళ్లు. వాకాడు మండలం తూపిలిపాళెం నుంచి మా అల్లుడు క్యానుకు పట్టి తెచ్చినాడు. మూడోదాని సంగతి తర్వాత చెప్తా. నువ్వు రా అబ్బాయీ, నీలం చొక్కా. మూడింటినీ మూత గట్టిగా పట్టుకొని బాగా గిలకొట్టు. ఇంకా. ఆ, చాలు. బల్ల మీద పెట్టి వెళ్లి కూర్చో. మీరందరూ నన్ను చూడకపోయినా వాటిని మాత్రం చూస్తా ఉండండి.

ఈ మాటలకు మూలం మా మనవడు. 2025 జనవరిలో అమెరికాలో లాస్ ఏంజెలిస్ కాలిపోయింది కదా. పాలిసేడ్స్ అనే పేటలో 7వ తేదీన అంటుకుంది. వాడు ఫోన్లో ఒక వీడియో చూపించినాడు. పసుపు, ఎరుపు రంగుల విమానం ఒకటి సముద్రం మీద పొట్ట ఆనించి, ఆగకుండానే నీళ్లు మింగి, పైకి లేచి పోయి కొండ మీద కుమ్మరిస్తా ఉంది. చూసి వాడన్నాడూ, "తాతా, మన జిల్లాకి కూడా సముద్రం వచ్చేసింది కదా. మన కొండ అంటుకున్నప్పుడు ఇట్లా ఎందుకు చల్లరు?"

వాడి మాటలో తప్పేం లేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు గూడూరు, సూళ్లూరుపేట, వాకాడు, కోట అన్నీ తిరుపతి జిల్లాలోకి వచ్చినాయి. బడిలో చిత్తూరు జిల్లాకు సముద్రతీరం లేదని రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేను. ముసలితనంలో సముద్రం మా జిల్లాకే నడిచొచ్చింది.

అప్పటికి వాడికి చెప్పిన జవాబు, "ఉప్పు నీళ్లు పోస్తే చెట్లు చచ్చిపోతాయిరా." అందరం చెప్పేదే. ఆ రాత్రి పడుకున్నాక అనిపించింది, ముప్పై ఏళ్లు మట్టిని పరీక్ష చేసినోణ్ణి, ఇంత మొరటు జవాబు చెప్పినానే అని. చచ్చిపోతాయా? ఎన్ని లీటర్లకు? ఏ నేలలో? పొద్దున లేచి లెక్క వేసినాను. ఇప్పుడు మీతో ఆ లెక్కే చెప్పబోతున్నా.

ఆ విమానం పేరు సీఎల్-415. కెనడా వాళ్లది. పన్నెండు సెకన్లలో సుమారు 6,000 లీటర్లు ఎత్తుకుంటుంది. సముద్రంలో ఈదుతున్న మనిషిని కూడా ఎత్తుకెళ్లి అడవిలో పడేసిందని ఒక కథ ఎన్నో ఏళ్లుగా దేశదేశాలు తిరుగుతా ఉంది. నమ్మకండి. నీళ్లు పోయే ఆ రంధ్రం చాలా చిన్నది, మనిషి కాదు కదా వాడి తలకాయ కూడా పట్టదు. సరే, లీటరు సముద్రపు నీళ్లలో 35 గ్రాముల ఉప్పు. 6,000 లీటర్లకు 210 కిలోలు. రేషన్ షాపుకు వచ్చే 50 కిలోల మూటలు నాలుగు, ఆ పైన ఇంకో 10 కిలోలు. ఒక్క విడతలో అంత ఉప్పు కొండ మీద పడుతుంది. వినడానికి భయంగానే ఉంది.

ఇప్పుడు దాన్ని నేల మీద పరచండి. చదరపు మీటరుకు 3 లీటర్లు పడాలనుకుంటే ఎకరాకు రెండు విమానాల నీళ్లు కావాల. ఎకరాకు 420 కిలోల ఉప్పు. దీని పక్కన మన బోరు నీళ్లు పెట్టి చూద్దాం. లీటరుకు ఒక గ్రాము లవణం ఉండే బోర్లు మనకు కొత్తేం కాదు, వడమాలపేట నుంచి శ్రీకాళహస్తి దాకా నేనే ఎన్నో చూసినాను. ఎకరాకు ఒక తడి, రెండంగుళాల లోతు కట్టినారనుకోండి, 2 లక్షల లీటర్లు. ఆ ఒక్క తడితో చేలోకి 200 కిలోల ఉప్పు దిగింది. రెండు తడులు కడితే రెండు విమానాలు చల్లినంత! మనం ఏటా ఇరవై, ముప్పై తడులు కట్టుకుంటా ఉన్నాం. దాన్ని ఎవురూ వీడియో తీయరు.

అందుకే ఒక్క విడత చల్లితే అడవి నాశనమైపోతుందనే మాటను నేను ఒప్పుకోను. ఫ్రాన్సు, ఇటలీ, గ్రీసు, క్రొయేషియా, మధ్యధరా సముద్రం చుట్టూ ఉండే వీళ్లంతా ఎన్నో ఏళ్లుగా సముద్రపు నీళ్లే ఎత్తి మంటల మీద పోస్తా ఉన్నారు. అక్కడి కొండలు నున్నగా గొరిగినట్టు ఏం లేవు. ఆ తీరపు పొదలు పుట్టినప్పటి నుంచి ఉప్పుగాలి తింటా పెరిగినవి, అదీ ఒక కారణం.

అట్లని బోరు నీళ్లూ సముద్రపు నీళ్లూ ఒకటే అని కూడా అనుకోకండి. ఉప్పు బరువు ఒకటే అయినా గాఢత వేరు. నేల పరీక్షలో మేం ఈసీ అని ఒక అంకె చూస్తాం, మట్టిలోని నీటికి కరెంటు ఎంత పారుతుందో చెప్పే అంకె. అది 4 దాటితే చౌడు అని రాసేస్తాం. సముద్రపు నీళ్లకు ఆ అంకె 50 దగ్గర ఉంటుంది.

గాఢత ఏం చేస్తుందో ఇక్కడున్న ఆడవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. మామిడికాయ ముక్కలు కోసి ఉప్పేసి జాడీలో పెడతారు. మూడో రోజుకు ఊట వచ్చేస్తుంది. ఎవరు పోసినారు ఆ నీళ్లు? ఎవరూ పోయలేదు. ముక్కలో ఉన్న నీళ్లను ఉప్పు బయటికి లాగింది, ముక్క ముడుచుకుంది. వేరు చుట్టూ ఉప్పు నీళ్లుంటే వేరుకు అదే గతి. ఇక వేరులోకి ఎక్కే సోడియం, క్లోరైడు ఆకు కొసకు చేరి అక్కడే నిలిచిపోతాయి. ఆకు అంచు గోధుమరంగుకు తిరిగి, అగ్గిపుల్లతో అంటించినట్టు కాలి కనపడుతుంది.

ఇది నాకు పుస్తకం నేర్పింది కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రైతు బోరు నీళ్లు సీసాకు పట్టి తెచ్చినాడు. అంకె చూసినాను, 2 లోపలే ఉంది. "పోసుకోన్నా, ఏం కాదు" అని కాయితం మీద సంతకం చేసి ఇచ్చినాను. అరవై బేనీషా మామిడి మొక్కలు నాటినాడాయన. రెండో వేసవికి మళ్లీ ఆఫీసుకొచ్చినాడు. ఏం తిట్టలేదు. ఒక కొమ్మ తెచ్చి నా బల్ల మీద పెట్టినాడు. ప్రతి ఆకుకూ అంచు కాలిపోయి ఉంది. "నీళ్లు పోస్తానే ఉండాను సార్, చెట్టు ఎండతానే ఉండాది" అన్నాడు.

వెంటనే ఆయన బండి మీదే పోయి చేను చూసినాను. పల్లపు నేల. మూడడుగులు తవ్విస్తే కింద గట్టి సున్నపు పొర. పోసిన నీళ్లు దిగేదానికి దారి లేదు. ఎండకు నీళ్లు ఆవిరై పోతున్నాయి, ఉప్పు అట్లనే ఉంది. తడి మీద తడి, ఉప్పు మీద ఉప్పు. నేను చేసిన తప్పేందంటే, నీళ్లలో ఎంత ఉప్పుందో చూసినాను గాని ఆ ఉప్పు ఎటు పోతుందో అడగలేదు. అరవైలో పదకొండు మొక్కలు మిగిలినాయి. ఆయన ఇప్పుడు లేడు. వాళ్ల అబ్బాయి పెండ్లికి పిలిచినాడు, పోయి తలొంచుకొని భోంచేసి వచ్చినాను.

ఉప్పుకుండే గుణం ఇదే. నీళ్లు ఆవిరవుతాయి, చెత్త కుళ్లుతుంది, పురుగుమందు కూడా ఏదో ఒకనాటికి విరిగిపోతుంది. ఉప్పు ఎండకు చావదు, కుళ్లదు, ఎగిరిపోదు. అది కదలాలంటే నీళ్లతోనే కదలాల. "ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగక తప్పదు" అంటారే, నేలకు కూడా అంతే. ఎంత ఉప్పు పడిందనే ప్రశ్న సగమే. ఆ తర్వాత వాన వస్తుందా, వస్తే ఉప్పును ఏ దారిన పట్టుకొని పోతుంది, ఎవరి ఇంటికి పోతుంది అనేది మిగతా సగం.

సీసాలు ఒకసారి చూడండి. రెండోది, సముద్రపు నీళ్లది, అప్పుడే తేరుకుంది చూసినారా? అడుగున మట్టి, పైన గాజు మాదిరి నీళ్లు. మొదటిది, వాన నీళ్లది, ఇంకా కొంచెం మసగ్గా ఉంది. విచిత్రంగా లేదూ? చెడ్డ నీళ్లలో మట్టి చక్కగా కూర్చుంది, మంచి నీళ్లలో తేలాడుతోంది. ఉప్పు ఎక్కువైనప్పుడు బంక రేణువులు ఒకదాన్నొకటి పట్టుకొని ముద్దగా అడుక్కు దిగుతాయి. ఎవరన్నా ఈ రెండు సీసాలే చూసి పోతే, సముద్రపు నీళ్లు నేలకు మేలే చేసినాయి అనుకుంటారు. ఇంకాసేపు ఓపిక పట్టండి.

ఈలోగా ఒక ప్రయోగం చెప్తా. అమెరికాలో మేరీలాండ్ అనే రాష్ట్రం, చెసాపీక్ అఖాతం పక్కన స్మిత్‌సోనియన్ సంస్థ వాళ్ల పరిశోధన కేంద్రం ఉంది. అక్కడి శాస్త్రజ్ఞులు అడవిలో 2,000 చదరపు మీటర్ల ముక్క, అంటే అరెకరా, ఎంచుకొని దానికి ఉప్పటి నీళ్లు కట్టినారు. మంటల కోసం కాదు, సముద్రమట్టం పెరిగితే తీరపు అడవి ఏమవుతుందో చూసేదానికి. ఆ నీళ్లలో ఉప్పు కూడా అసలు సముద్రం కంటే తక్కువే. 2022 జూన్‌లో 10 గంటలు పారించినారు. అడవి పట్టించుకోలేదు, ఏమీ జరగనట్టే ఉంది. 2023 జూన్‌లో 20 గంటలు. ఈసారి కూడా పెద్దగా చలించలేదు, ట్యులిప్ పాప్లర్ అనే చెట్లు మాత్రం నేలలోంచి నీళ్లు కొంచెం నెమ్మదిగా పీల్చినాయి. 2024 జూన్‌లో 30 గంటలు. ఆగస్టు సగానికే పాప్లర్ ఆకులు గోధుమరంగుకు తిరిగినాయి. అక్కడ ఆకురాలే కాలం అప్పుడే రాదు, చాలా వారాలు ముందు. సెప్టెంబరు సగానికి ఆ ముక్కలోని పాప్లర్లు బోడిగా నిలబడ్డాయి. పక్కనే మామూలు నీళ్లు కట్టిన ముక్కలో చెట్లు పచ్చగానే ఉన్నాయి.

మూడో ఏడు ఎందుకట్ల అయ్యింది? గంటలు పెరిగినాయి, నిజమే. ఇంకో సంగతి కూడా ఉంది. మామూలుగా వానలు పడి నేలలోని ఉప్పును కడిగేస్తాయి. 2024లో ప్రయోగం తర్వాత అక్కడ అనావృష్టి. కడిగే నీళ్లు లేక ఉప్పు వేర్ల దగ్గరే ఉండిపోయింది. నేను ఇది చదివినప్పుడు నాకు ఆ శాస్త్రజ్ఞులు గుర్తుకు రాలేదు, బల్ల మీద పెట్టిన బేనీషా కొమ్మ గుర్తొచ్చింది.

వాళ్లు చూసిన రెండో విషయం కోసమే నేను సీసాలు మోసుకొచ్చినాను. ఉప్పు నీళ్లు కట్టిన తర్వాత, ఆ నేలలోంచి తీసిన నీళ్లు తేటగా ఉండాల్సింది పోయి బాగా మరిగిన డికాషన్ రంగుకు తిరిగినాయి. చెట్ల చెత్తలోంచి కరిగిన పదార్థాలు కొన్ని, ఉప్పు వల్ల విడిపోయిన బంకమట్టి రేణువులు కొన్ని.

ఇప్పుడు మూడో సీసా. ఇది కూడా అదే మట్టి. మొన్న దీంట్లో సముద్రపు నీళ్లు పోసి ఒక రాత్రి ఉంచినాను. పొద్దున ఆ నీళ్లు ఒంపేసి, వాన నీళ్లు పోసి, గిలకొట్టి, మళ్లీ ఒంపేసి, మళ్లీ వాన నీళ్లే పోసినాను. అంటే సముద్రం పడినాక రెండు మంచి వానలు పడినట్టు. చూడండి ఎట్లుందో. రాగి అంబలి! అందరి కంటే ముందు ఇదే తేరుకోవాల కదా, ఉప్పంతా కడిగేసినాను కాబట్టి? తేరుకోదు. ఇంటికాడ నేను చేసినది రెండు రోజులకు కూడా తేరుకోలేదు.

ఎందుకంటే, మట్టి రేణువుకు చేతులుంటాయనుకోండి. మామూలుగా ఆ చేతుల్ని కాల్షియం పట్టుకొని ఉంటుంది. కాల్షియానికి రెండు చేతులు, రెండు రేణువుల్ని పక్కపక్కన పట్టి ఉంచుతుంది. సముద్రపు నీళ్లలో కిలోకు 10.8 గ్రాముల సోడియం, కాల్షియం 0.4 గ్రాములే. మంది ఎక్కువై సోడియం కాల్షియాన్ని తోసేసి ఆ చోట కూర్చుంటుంది. సోడియానిది ఒంటి చెయ్యి, పైగా చుట్టూ నీళ్లను వేసుకొని వదులుగా ఉంటుంది. ఉప్పు నీళ్లున్నంత సేపూ రేణువులు విడిపోవు. వాన వచ్చి పైనున్న ఉప్పు కడిగేసిన క్షణం నుంచీ అవి విడివిడిగా తేలిపోతాయి. విడిపోయిన బంక పోయి నేలలోని సందుల్ని మూసేస్తుంది. ఆ తర్వాత పడిన వాన లోపలికి దిగదు, పైన పారుతుంది. ఉప్పు పోసిన రోజు నేల బాగానే ఉంటుంది. చెడగొట్టేది తర్వాత వచ్చే మంచి వాన.

ఇక మన కొండకొద్దాం. శేషాచలంలో మంటలు ఫిబ్రవరి నుంచి మే దాకా. 2014 మార్చిలో తిరుమల చుట్టూ అంటుకున్నప్పుడు వాయుసేన హెలికాప్టర్లు దిగినాయి, మీలో చాలామంది చూసినారు. సరిగ్గా ఎర్రచందనం ఆకు రాల్చి, చిగురు వేసి, పూత పట్టే కాలం అది. ఆ వేళలో వేరుకు ఉప్పు తగిలితే చిగురుకు తగిలినట్టే. మన పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లో. మార్చిలో పడిన ఉప్పు ఆరేడు నెలలు అక్కడే కూర్చొని ఉండాల. మధ్యలో నైరుతి జల్లులు కొద్దో గొప్పో తడుపుతాయి, అవి కడిగేంతవి కావు, కరిగించి వేర్ల దాకా దించేంతవి.

ఇంకోటి, మన కొండ మీద మట్టే తక్కువ. ఘాట్ రోడ్డులో పోతా ఉంటే గోడ మాదిరి నిలబడిన రాయి క్వార్ట్‌జైటు. నెర్రెలు విచ్చిన రాయి, దాని మీద జానెడు, మూరెడు మట్టి. అది కూడా ఇసకపాలు ఎక్కువ. అట్లాంటి చోట ఉప్పు నిలవదు, తొందరగా దిగిపోతుంది. సంతోషమే అనుకుంటారు. దిగి ఎక్కడికి పోతుంది? నెర్రెల గుండా ఊటల్లోకి, వాగుల్లోకి. పాపవినాశనం, గోగర్భం, కుమారధార, పసుపుధార డ్యాములు కొండ మీద, కల్యాణి డ్యాం కొండ కింద. తిరుమలకొచ్చే భక్తులు తాగేదాంట్లో, ఈ ఊళ్లో మనం తాగేదాంట్లో ఆ నీళ్లు కూడా ఉన్నాయి. చెట్టు బతికిపోయింది, ఉప్పు మన చెంబులోకొచ్చింది.

చిన్న గుంటలయితే మరీ కష్టం. ఉప్పు నీళ్లు బరువు, మంచి నీళ్ల కింద చేరి అడుగున పొరగా పడుకుంటాయి. కప్పకు చర్మం కూడా ముక్కే, దాంతోనూ ఊపిరి తీస్తుంది, దాంతోనే నీళ్లు పీలుస్తుంది. ఉప్పు తగిలితే అదీ జాడీలో మామిడి ముక్కే.   

కొండ అంచుల్లో, చంద్రగిరి వైపు, మామండూరు వైపు, బంక పాలు ఉండే ఎర్ర నేలల్లో మూడో సీసా కథ జరుగుతుంది. అది కూడా మంట తిన్న నేల మీద. అసలే మంటకు ఆకుల చెత్తలోని మైనం లాంటి పదార్థాలు ఆవిరై కొంచెం లోపల గడ్డకడతాయి, నీళ్లు దిగనియ్యవు. గడ్డి వేర్లు పోయి ఉంటాయి. ఆపైన సోడియం. ఇక నవంబరు వాన ఎట్లా కొడుతుందో 2021లో చూసినాం కదా, స్వర్ణముఖి ఎట్లా పొంగిందో, రాయలచెరువు కట్ట దగ్గర ఎన్ని రాత్రులు నిద్ర లేకుండా గడిపినారో. అట్లాంటి వాన ఉప్పు తిన్న వాలు మీద పడితే, మట్టి ఆ సీసాలో మాదిరి నీళ్లలో కలిసి డ్యాములోకి దిగుతుంది. పుండు మీద కారం.

ఇంత చెప్పినా, ఉప్పు పడిన నేల ఇక లేవదని మాత్రం అనను. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు సముద్రం మైళ్ల కొద్దీ లోపలికి వచ్చి పొలాలను ముంచింది. ఇప్పుడు అక్కడ వరి పండుతోంది. 2004 డిసెంబరు సునామీ తర్వాత నాగపట్నం వైపు నేలలు కూడా అంతే. మరుసటి ఏడు ఈశాన్య రుతుపవనం బాగా కురిసి చాలా పొలాల్లో ఉప్పును కడిగేసింది. మిగిలినచోట జిప్సం వేసి, కాలవలు తవ్వి, నీళ్లు కట్టి తీసినారు. జిప్సంలోని కాల్షియం సోడియాన్ని తోసేస్తుంది, నీళ్లు దాన్ని మోసుకుపోతాయి. కానీ అది చేను. గట్టు ఉంది, కాలవ ఉంది, మనిషి ఉన్నాడు. నిటారు కొండ మీద జిప్సం మూటలు ఎవరు మోస్తారు?

మన జిల్లాలో సముద్రపు నీళ్లు పోయడానికి వీలుండే అడవి ఒకటుంది, శ్రీహరికోట. ఒకవైపు బంగాళాఖాతం, ఒకవైపు పులికాట్, మధ్యలో ఇసక దీవి మీద పచ్చటి అడవి. అక్కడి చెట్లకు ఉప్పుగాలి అలవాటే, ఇసక నేల కాబట్టి మూడో సీసా భయం కూడా తక్కువ. అక్కడుండే చిక్కు వేరు. అట్లాంటి ఇసక దీవుల కింద మంచి నీళ్లు ఉప్పు నీళ్ల మీద పల్చటి పొరగా తేలుతా ఉంటాయి, పాల మీద మీగడ మాదిరి. పైన పోసిన ఉప్పు ఆ మీగడలోకే దిగుతుంది. ఇంక మడ చెట్లంటారా, వాటి దారే వేరు. కొన్ని మడ జాతుల ఆకును నాలిక మీద పెట్టుకుంటే ఉప్పగా తగులుతుంది, తాగిన ఉప్పును ఆకు మీద చెమట మాదిరి వదిలేస్తాయి. ఎర్రచందనానికి ఆ విద్య రాదు.

అయినా తూపిలిపాళెం నుంచి తిరుమలకు దాదాపు వంద కిలోమీటర్లు. ఎంఐ-17 హెలికాప్టరుకు వేలాడదీసే బాంబీ బకెట్టు 3,500 లీటర్లది. పోను రాను గంట పైనే పడుతుంది, ఆ గంటలో మంట ఒక కొండ దాటేస్తుంది. 2024 ఏప్రిల్‌లో నైనిటాల్ అడవులు కాలినప్పుడు పక్కనున్న భీమ్‌తాల్ చెరువులోంచే నీళ్లు తోడినారు. దగ్గరి నీళ్లే నీళ్లు.

మంట ఊరి మీదికి వచ్చి మంచి నీళ్లు అయిపోతే మాత్రం ఎవరూ ఇంత లెక్క వేయరు, వేయకూడదు కూడా. పాలిసేడ్స్‌లో మూడు నీళ్ల ట్యాంకులు, ఒక్కోటి సుమారు 38 లక్షల లీటర్లు, తెల్లారేలోగా ఖాళీ అయిపోయినాయి. కాలుతున్న ఇంటి మీద ఉప్పు నీళ్లు పోస్తే తోట పోతుందని ఎవరన్నా ఆపుతారా? శాన్‌ఫ్రాన్సిస్కోలో 1906 భూకంపం, మంటల తర్వాత తాగునీటి పైపులతో సంబంధం లేకుండా వేరే గొట్టాలు వేసుకున్నారు, అవసరమైతే సముద్రపు నీళ్లు ఎక్కించేదానికి. 1989 భూకంపంలో ఒక అగ్నిమాపక పడవ అఖాతం నీళ్లే తోడి మంటలార్పింది. వేరే గొట్టాలు ఎందుకంటే ఉప్పుకు ఇనుము తుప్పు పడుతుంది, తాగే గొట్టంలో ఒకసారి ఎక్కితే కడుక్కోలేక చావాల. విమానాలను కూడా పని అయిపోగానే మంచి నీళ్లతో కడుగుతారు. విమానం కడగను నీళ్లున్నాయి, అడవి కడగను లేవు.

మంటను అడ్డుకునేదానికి విమానంలోంచి ఎర్రటి మందు చల్లుతారే, అది మేలు కదా అని ఇందాక బయట ఒకమ్మాయి అడిగింది. అది అమ్మోనియం ఫాస్ఫేటు, మన డీఏపీకి దాయాది. నేలకు ఎరువు, చేపకు విషం. అమెరికా అటవీశాఖే వాగుకు 300 అడుగుల లోపల చల్లొద్దని నియమం పెట్టుకుంది. అదొక వేరే ఉపన్యాసం.

ఎవరో లేచినారు. చెప్పండి. అటవీశాఖలో వాచరుగా చేస్తున్నారా? ఆయన అడిగేది అందరికీ వినపడిందా? "సార్, మీరు చెప్పిన విమానం మాకు రాదు, సముద్రం రాదు. నా చేతిలో ఉండేది మంటను కొట్టే పచ్చి రెమ్మ, ఆకులు ఊదేసే ఒక బ్లోయరు. దాని గురించి చెప్పండి" అంటున్నారు. (చప్పట్లు)

అన్నా, మీకు చెప్పేంత వాణ్ణి కాదు నేను. ఉపగ్రహం మంట పసిగట్టి మీ ఫోన్లకు మెసేజీ పంపిస్తుంది, నిజమే, కానీ ఆ చోటికి నడిచి పోవాల్సింది మీరే. నేను మట్టి మనిషిగా ఒక్కటి చెప్పగలను. ఫైర్ లైన్లు, అంటే మంట దాటకుండా అడవిలో తీసే బోడి దారులు, జనవరిలోనే గీసి, గడ్డి కోసి, ఆకులు ఊడ్చేసిన చోట మంట ఆగిపోయిన తర్వాత మట్టి తీసి చూసినాను. రెండు వైపులా కాలింది, కాలనిది పక్కపక్కనే. లైను మీది మట్టిలో ఏ మందూ లేదు, ఏ ఉప్పూ లేదు. కడగాల్సిన పనే లేదు. ఫిబ్రవరి సగానికి గీసిన లైను మీద అప్పటికే మళ్లీ ఆకు రాలి ఉంటుంది, అది నాకంటే మీకే బాగా తెలుసు. లైన్లు గీసేదానికి కూలి డబ్బులు ఎప్పుడు వస్తాయని నన్ను అడగొద్దు, నేను రిటైరైపోయినాను. (నవ్వులు)

మా మనవడికి ఇంకా సరైన జవాబు చెప్పలేదు. ఈ మూడో సీసా తీసుకుపోయి వాడి బల్ల మీద పెడదామనుకుంటున్నా. ఇప్పటికి ఎంతసేపయింది మనం గిలకొట్టి? నలభై నిమిషాలా? మొదటిదీ తేరుకున్నట్టే ఉంది, అడుగు కనపడుతోంది. నీలం చొక్కా, ఆ మూడోదాన్ని లైటుకు ఎత్తి పట్టు. ఇంకా అంబలే. పోయేటప్పుడు వరసగా వచ్చి చూసి పోండి, కదిలించొద్దు. మధ్యాహ్నం భోజనాలయినాక మళ్లీ చూద్దాం.